పిల్లాడి స్ప్లీన్‌కు దెబ్బ తగిలితే: చూస్తూ ఉండాలా, కుట్టాలా, తీసేయాలా?

మొన్న వేసవి సెలవుల్లో ఒక రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, చిన్నోడు సైకిల్ మీంచి పడ్డాడు. హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంది. స్కాన్ తీస్తే స్ప్లీన్ పగిలిందట. ఆపరేషన్ చేసి తీసేద్దామంటున్నారు. సంతకం పెట్టనా?"

నేను పిల్లల సర్జన్‌ని. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. కానీ సొంతవాళ్లు చేస్తే ఎవరికైనా టెన్షనే. "వాడు నీతో మాట్లాడుతున్నాడా?" అన్నాను. "మాట్లాడుతున్నాడు. మాటిమాటికీ దాహమంటున్నాడు." "నాడి ఎంతుంది? బీపీ ఎంత?" అటువైపు కాసేపు నిశ్శబ్దం. "అవేం తెలీదన్నా. రిపోర్టులో గ్రేడ్ త్రీ అని ఉంది."

ఈ రాతంతా ఆ నిశ్శబ్దం గురించే. దాదాపు ప్రతి కుటుంబమూ స్కాన్ రిపోర్టు పట్టుకుని నిర్ణయానికి వస్తుంది. గ్రేడ్ (గాయం తీవ్రతకు 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె) ఎంత, చీలిక ఎన్ని సెంటీమీటర్లు, పొట్టలో రక్తం ఎంత చేరింది అని చూసుకుంటారు. మేం చూసేది మాత్రం ముందుగా పిల్లాణ్ణి. స్ప్లీన్ ఉంచాలా తీయాలా అన్నది ఫొటో చెప్పదు, నాడి చెబుతుంది. మిగతాదంతా దీని చుట్టూ తిరిగే సంగతే.

అసలు దాన్ని కాపాడటం ఎందుకు

స్ప్లీన్ అంటే ప్లీహం. ఎడమ డొక్కలో 9 నుంచి 11 పక్కటెముకల చాటున, ఎవరి పిడికిలంత వాళ్లకు ఉంటుంది. మలేరియా పిల్లలకు "కడుపులో బల్ల పెరిగింది" అని మన పెద్దవాళ్లు అనేవారే, ఆ బల్ల ఇదే, వాచిన ప్లీహం. పాతబడిన ఎర్ర రక్తకణాలను ఏరేయడం దీని పని. అంతకంటే పెద్ద పని, ఒంటిమీద జిగురు పొర కప్పుకుని తిరిగే కొన్ని రకాల సూక్ష్మక్రిములను రక్తంలోంచి పట్టుకోవడం. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనేవి అలాంటివి.

ఒకప్పుడు ఈ రెండో పని ఎవరికీ తెలియదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద పెద్ద సర్జన్లు కూడా ప్లీహం పగిలితే తీసేయడమే సరైందని, తీసేసినా మనిషికి నష్టమేమీ ఉండదని నమ్మేవారు. 1952లో అమెరికాలోని ఇండియానాలో కింగ్, షూమాకర్ అనే ఇద్దరు సర్జన్లు, రక్తజబ్బు కోసం పసితనంలోనే ప్లీహం తీయించుకున్న ఐదుగురు పిల్లలకు ఆ తర్వాత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయని రాశారు. అక్కడినుంచి ఆలోచన మారడం మొదలైంది.

కెనడాలో టొరంటో పిల్లల ఆస్పత్రిలో మరో సంగతి బయటపడింది. ప్లీహం చిట్లిందని పొట్ట తెరిచి చూస్తే, చాలామంది పిల్లల్లో అప్పటికే రక్తం కారడం ఆగిపోయి ఉండేది. ఆగిపోయినదాన్ని కోసి తీసేయడం దేనికి? 1940ల నుంచే అక్కడ కొందరు పిల్లలను ఆపరేషన్ లేకుండా చూడటం మొదలుపెట్టారు. 1968లో ఆ అనుభవాన్ని లోకానికి చెప్పిన వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు మనవాడే, డాక్టర్ పురుషోత్తం ఉపాధ్యాయ. రెండోవారు సింప్సన్. ఉపాధ్యాయ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేశారు. చిట్లిన ప్లీహం తనంతట తాను మానుతుందా లేదా అని కోతుల మీద ప్రయోగాలు చేసి చూశారు. మానుతుందనే తేలింది. ఆ రోజుల్లో పెద్దల సర్జన్లు ఈ మాట వింటే కొట్టిపారేసేవారు. ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్నది అదే.

పిల్లల్లో ఇది కుదరడానికి కారణాలున్నాయి. వాళ్ల ప్లీహం మీది తొడుగు పెద్దవాళ్లకంటే మందంగా, సాగే గుణంతో ఉంటుంది. రక్తనాళాలు గట్టిగా ముడుచుకుంటాయి. చీలికలు ఎక్కువగా అడ్డంగా, లోపలి నాళాల వరుస వెంబడే పోతాయి కాబట్టి పెద్ద నాళాలు తెగడం తక్కువ.

మొదటి దారి: ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూడటం

డాక్టర్లు "కన్జర్వేటివ్‌గా చూద్దాం" అంటారు. ఆ మాట వినగానే తల్లిదండ్రులకు "ఏమీ చేయకుండా వదిలేస్తారా?" అన్న అనుమానం వస్తుంది. అది సహజమే. కానీ ఇది వదిలేయడం కాదు. అన్ని దారుల్లోకీ ఆస్పత్రి చేత ఎక్కువ పని చేయించేది ఇదే. కోసి తీసేస్తే గంటన్నరలో తేలిపోతుంది. చూస్తూ కూర్చోవాలంటే రాత్రంతా ఒకరు మెలకువగా ఉండాలి.

మావాడి విషయంలో ఏం జరిగిందో చెబితే అర్థమవుతుంది. రాత్రి రెండింటికి 108లో మా ఊరి పెద్దాస్పత్రి ఐసీయూకి తెచ్చారు. చొక్కా పైకెత్తి చూస్తే ఎడమ డొక్క కింద రూపాయి బిళ్లంత గుండ్రని ముద్ర, చుట్టూ కమిలి ఉంది. హ్యాండిల్ గొట్టం చివర ముద్ర అది. ఎడమ భుజం నొప్పి అన్నాడు. భుజానికి దెబ్బేమీ తగల్లేదు. పొట్టలో చేరిన రక్తం డయాఫ్రంను, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొరను, ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. నాడి 118. సెలైన్ ఎక్కించి, నొప్పి తగ్గే మందు ఇచ్చాక గంటలో 104కి దిగింది. బీపీ బాగుంది. హిమోగ్లోబిన్ 10.8. నోటికేమీ ఇవ్వలేదు, అవసరమైతే ఏ క్షణాన్నైనా ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి కాబట్టి. రెండు చేతులకూ సూదులు పెట్టి ఉంచాం. బ్లడ్ బ్యాంకులో వాడి గ్రూపు రక్తం పక్కన పెట్టించాం. నర్సమ్మ మొదట పావుగంటకోసారి, తర్వాత గంటకోసారి నాడి, బీపీ, ఊపిరి రాసుకుంటూ పోయింది. ఆరు గంటల తర్వాత హిమోగ్లోబిన్ 9.6, ఆ సాయంత్రం 9.4, మర్నాడూ 9.4. ఆ రెండోసారి వచ్చిన 9.4 చూశాక మా తమ్ముడు టీ తాగడానికి బయటికి వెళ్లాడు. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. మూడు రాత్రులుండి ఇంటికి వెళ్లాడు.

నాడి, బీపీ నిలకడగా ఉన్న పిల్లల్లో ఈ దారి నూటికి తొంభైమందికి పైగా ఫలిస్తుంది. గ్రేడ్ 4 అయినా, కొన్నిసార్లు గ్రేడ్ 5 అయినా సరే. ఫలించనివి చాలావరకు మొదటి 24 గంటల్లోనే బయటపడతాయి. అందుకే ఆ ఒక్క రోజూ కంటికి రెప్ప వేయకుండా చూడాలి.

ఎక్కడిదాకా ఓపిక పట్టవచ్చు అన్నదానికి ఒక గీత ఉంది. సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కిందికి పోయేదాకా రక్తం ఎక్కించరు, పిల్లాడు నిలకడగా ఉంటే. ఎక్కించినా నిలబడకపోతే, కిలో బరువుకు 40 మిల్లీలీటర్ల దాకా రక్తం ఇవ్వాల్సి వస్తే, ఇక కనిపెట్టి చూడటం పని చేయలేదని లెక్క. 25 కిలోల పిల్లాడికి అది లీటరు. వాడి ఒంట్లో ఉన్న మొత్తం రక్తమే రెండు లీటర్లకు కాస్త తక్కువ. సగం రక్తం మార్చాల్సి వచ్చాక కూడా "ఇంకా చూద్దాం" అనడం మొండితనమే.

ఈ దారిలో నాకు భయమున్నది ప్లీహం గురించి కంటే పేగుల గురించి. సైకిల్ హ్యాండిల్, కారు సీటు బెల్టు దెబ్బల్లో పేగుకు చిల్లు పడటం, క్లోమం నలగడం ఉంటాయి. మొదటి స్కాన్‌లో అవి తప్పిపోవచ్చు. రెండో రోజు జ్వరం, పొట్ట బిగుసుకోవడం, ఆకుపచ్చ వాంతులు మొదలైతే ప్లీహం బాగానే ఉన్నా ఆపరేషన్ కావాల్సి రావచ్చు. రోజుకు రెండుసార్లు ఒకే డాక్టర్ చేయి పొట్ట మీద పడాలి అని మేం అనేది అందుకే. ఏ యంత్రానికీ అంతగా తెలియదు.

ఎప్పుడు ఈ దారి వద్దు

పిల్లలు పెద్దవాళ్లలాగా కాదు. పెద్దవాడికి రక్తం పోతుంటే బీపీ పిల్లలకంటే కాస్త ముందు పడిపోయి హెచ్చరిస్తుంది. పిల్లాడు చివరిదాకా లాక్కొస్తాడు. సుమారు 30 శాతం రక్తం పోయేదాకా కూడా బీపీ మామూలుగానే కనిపించవచ్చు. పడిందంటే ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి "బీపీ నార్మల్‌గానే ఉందండీ" అని ఎవరైనా అంటే ఊరట పడకండి. నాడి ఎంతని అడగండి. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏడవకుండా పడుకున్నప్పుడు కూడా 130, 140 ఉండి, సెలైన్ ఇచ్చినా దిగకపోతే లోపల ఇంకా కారుతోందని అనుమానించాలి. చేతులు కాళ్లు చల్లబడటం, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లు దాటినా ఎర్రబడకపోవడం, మూత్రం తగ్గిపోవడం, పిల్లాడు మగతగా ఉండటం, లేదా కారణం లేకుండా చిరాకు పడటం, ఇవన్నీ బీపీకంటే ముందు వస్తాయి.

బీపీ లెక్క కూడా చెబుతాను. పదేళ్లలోపు పిల్లలకు వయసును రెండుతో గుణించి 70 కలపండి. పై అంకె దానికంటే తక్కువగా ఉంటే అది ప్రమాదం. తొమ్మిదేళ్లకు 88.

రక్తం ఎక్కించినా నిలబడని పిల్లాణ్ణి సీటీకి తిప్పకూడదు, వేరే ఊరికి పంపకూడదు. ఎక్కడుంటే అక్కడ, చేతనైన సర్జన్ చేత పొట్ట తెరిపించాల్సిందే. తలకు కూడా పెద్ద దెబ్బ ఉన్నప్పుడు ఓపిక గీత ఇంకా ముందే వచ్చేస్తుంది, అన్నాళ్లు ఆగకూడదు. మెదడుకు కొద్దిసేపు బీపీ తగ్గినా తీరని నష్టం.

స్కాన్, గ్రేడ్: వాటికెంత విలువ ఇవ్వాలి

అల్ట్రాసౌండ్ పొట్టలో రక్తం ఉందో లేదో త్వరగా చెబుతుంది. మంచం దగ్గరే చేయొచ్చు, రేడియేషన్ ఉండదు. కానీ పిల్లల్లో ప్లీహం చీలిక ఉండీ బయటికి రక్తం రాకపోతే అది తప్పిపోతుంది. "స్కాన్‌లో ఏం లేదన్నారు" అని ధీమాగా ఇంటికి తీసుకెళ్లకూడదు, నొప్పి ఉంటే. కాంట్రాస్ట్, అంటే రక్తనాళాలు మెరిసి కనిపించేలా చేసే మందు, ఇచ్చి తీసే సీటీ అసలు బొమ్మ చూపిస్తుంది. ఒక్కసారి చాలు. బాగానే ఉన్న పిల్లాడికి మానిందో లేదో చూద్దామని మళ్లీ మళ్లీ సీటీ తీయించడం అనవసరం.

గ్రేడ్‌లు 1 నుంచి 5. పైపొర మీది చిన్న గీత 1. మూడు సెంటీమీటర్లకు మించి లోతు చీలిక 3. లోపలి పెద్ద నాళాలు తెగి పాతికశాతం కంటే ఎక్కువ భాగానికి రక్తం అందకపోతే 4. ముక్కలైపోతే 5. ఈ అంకె ఎన్నాళ్లు ఆడుకోకూడదో చెప్పడానికి బాగా పనికొస్తుంది. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నదానికి మాత్రం ఇది చాలదు.

సీటీలో కాంట్రాస్ట్ ఒకచోట చుక్కలా మెరుస్తూ కారుతున్నట్టు కనిపిస్తే దాన్ని "బ్లష్" అంటారు. పెద్దవాళ్లలో అది కనిపిస్తే వెంటనే ఏదో ఒకటి చేస్తారు. పిల్లల్లో నిలకడగా ఉంటే, బ్లష్ ఉన్నా చూస్తూ ఉండొచ్చు. రిపోర్టులో ఆ మాట చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడనక్కర్లేదు. కాకపోతే ఆ పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరగా కనిపెట్టాలి.

రెండో దారి: రక్తనాళం లోపలినుంచి మూసేయడం

దీన్ని ఎంబోలైజేషన్ అంటారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ప్లీహానికి వెళ్లే నాళంలో చిన్న లోహపు చుట్టలు వదులుతారు. కోత ఉండదు. రెండు రకాలుగా చేస్తారు. ప్లీహం ముఖద్వారానికి ముందే ప్రధాన నాళాన్ని మూస్తే లోపల ఒత్తిడి తగ్గి కారడం ఆగుతుంది, జీర్ణకోశం చుట్టూ ఉన్న చిన్న నాళాల గుండా ప్లీహానికి రక్తం అందుతూనే ఉంటుంది. లేదంటే కారుతున్న కొమ్మనే వెతికి మూస్తారు. అప్పుడు ఆ ముక్క ఎండిపోతుంది, మిగతాది బతుకుతుంది.

పెద్దవాళ్లలో దీనికి మంచి పేరుంది. పిల్లల్లో నా అభిప్రాయం కొంచెం వేరు. చూస్తూ ఉంటేనే చాలామందికి మానిపోతుంటే, చేయాల్సిన పిల్లలు మిగిలేది కొద్దిమందే. రక్తం ఎక్కిస్తే నిలబడి, ఆపితే మళ్లీ జారే పిల్లాడికి ఇది వరం. కొన్నాళ్ల తర్వాత నాళం బుడగలా ఉబ్బినట్టు తేలి, నొప్పి పెడుతుంటే అక్కడా పనికొస్తుంది. ఊరికే "గ్రేడ్ 4 కదా, జాగ్రత్త కోసం చేసేద్దాం" అంటే మాత్రం ఎందుకని అడగండి. జ్వరం, కొన్నాళ్ల నొప్పి, అరుదుగా చీము పట్టడం, చిన్నపిల్లల సన్నని తొడ నాళానికి దెబ్బ తగలడం ఇందులో ఉన్న చిక్కులు. పైగా దీనికి క్యాథ్ ల్యాబ్ (ఈ పని చేసే ఎక్స్‌రే గది), నాళాల్లోకి గొట్టాలు పంపడంలో చేయి తిరిగిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ కావాలి. హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద ఊళ్లలో దొరుకుతారు గానీ అర్ధరాత్రి పూట పిల్లాడి మీద చేసిన అనుభవం ఉందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

మూడో దారి: పొట్ట తెరిచినా ప్లీహాన్ని నిలబెట్టడం

ఆపరేషన్ అంటే తీసేయడమే అనుకుంటారు. కాదు. పొట్ట తెరిచాక కూడా ప్లీహాన్ని కాపాడే మార్గాలున్నాయి. చిన్న చీలికైతే రక్తం గడ్డకట్టించే దూది లాంటి పదార్థం, జిగురు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పెద్దదైతే కుట్లు వేస్తారు. ప్లీహం పచ్చి కాలేయంలా మెత్తగా ఉంటుంది, దారం లాగితే కోసుకుపోతుంది. అందుకే కుట్టు కింద మెత్త పెట్టి బిగిస్తారు. కొన్నిసార్లు ఒంట్లో కరిగిపోయే వలను సంచిలా తొడిగి, నలుమూలలనుంచీ ఒత్తిడి పడేలా బిగిస్తారు. చూడటానికి వల సంచిలో పెట్టిన మామిడికాయలా ఉంటుంది.

ఇంకొకటి, సగం తీసేయడం. ప్లీహంలో రక్తనాళాలు గదులు గదులుగా పంచుకుని ఉంటాయి. ఒక గది నాళాన్ని ముడివేస్తే ఆ భాగం నల్లబడి గీత కనిపిస్తుంది. ఆ గీత వెంబడి కోస్తే పెద్దగా రక్తం రాదు. 1962లో బ్రెజిల్ సర్జన్ కాంపోస్ క్రిస్టో ఇలా చేసిన ఎనిమిది కేసుల గురించి రాశారు. మూడో వంతు మిగిలినా రక్షణ పని చాలావరకు నడుస్తుందని మేం ఆశించి మిగిలిస్తాం.

ఈ దారి అందంగా ఉంటుంది, కానీ తీరిక ఉన్నప్పుడే. పిల్లాడి బీపీ 60లో ఉండి, వేరే అవయవాలు కూడా కారుతుంటే ప్లీహం కుడుతూ కూర్చోవడం తెలివి కాదు. అలాంటప్పుడు సర్జన్ "తీసేశాను" అంటే అతణ్ణి తప్పు పట్టకండి. ప్రాణం ముందు, ప్లీహం తర్వాత.

సంతకం పెట్టే ముందు అడగాల్సింది ఒకటే: "లోపల చూశాక కాపాడే వీలుంటే కాపాడతారు కదా?" ఇదే మాట ఆపరేషన్ కాగితం మీద రాయించుకోవడంలో తప్పేమీ లేదు.

నాలుగో దారి: తీసేయడం

తీసేస్తే రక్తస్రావం అక్కడితో ఆగిపోతుంది. పిల్లాడు వారంలో లేచి తిరుగుతాడు. కంటికి ఏ లోటూ కనిపించదు. చిక్కు అంతా తర్వాతే.

ప్లీహం లేని పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో, మామూలు జ్వరంలా మొదలై గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ రావచ్చు. రావడం అరుదే. దెబ్బ వల్ల తీసేసిన పిల్లలకంటే తలసేమియా లాంటి రక్తజబ్బుల కోసం తీసేసిన వాళ్లకు ముప్పు ఎక్కువ. కానీ వస్తే సగం మంది దాకా బతకరు. ఎంత చిన్న వయసులో తీస్తే అంత ప్రమాదం. ఇరవై ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

అందుకని తీసేసిన పిల్లలకు మూడు పనులు తప్పవు. మొదటిది టీకాలు. మన ప్రభుత్వ టీకాల్లో పెంటావాలెంట్‌లో హిబ్ ఉంది, న్యుమోకాకల్ టీకా కూడా 2021కల్లా దేశమంతా వచ్చింది. అవి వేయించామని ఊరుకుంటే చాలదు. రెండేళ్లు దాటిన పిల్లలకు ఇంకో రకం న్యుమోకాకల్ టీకా, మెనింగోకాకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా కావాలి. ఇవి ప్రభుత్వ పట్టికలో ఉండవు, అడిగి వేయించుకోవాలి. హడావుడిగా ఆపరేషన్ అయితే రెండు వారాల తర్వాత వేస్తారు. మళ్లీ రారేమోనని అనుమానం ఉన్న కుటుంబమైతే నేను డిశ్చార్జి రోజే వేయించి పంపుతాను. కొద్దిగా తక్కువ పని చేసినా అసలు వేయకపోవడం కంటే మేలు. రెండోది రోజూ పెన్సిలిన్ మాత్ర, కనీసం ఐదేళ్ల వయసు వచ్చేదాకా, పెద్ద పిల్లలైతే ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్లైనా. మూడోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైంది: 101 జ్వరం వచ్చిందంటే "రేపు చూద్దాంలే" అనకుండా ఆ గంటే ఆస్పత్రికి పోవడం, "వీడికి స్ప్లీన్ లేదు" అని మొదటి మాటగా చెప్పడం. బడి డైరీలో రాసి పెట్టండి. కుక్క కరిస్తే రేబిస్ టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా వీళ్లకు తప్పనిసరి. మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్తే డాక్టర్‌ని అడిగి ముందుజాగ్రత్త మందు వాడాలి.

తీసేసిన ప్లీహాన్ని సన్నని ముక్కలు చేసి కడుపులోని కొవ్వు పొరలో దాచే పద్ధతి ఒకటుంది. ఆ ముక్కలు బతుకుతాయి, కొంత పని చేస్తాయి. కానీ పెద్ద ఇన్ఫెక్షన్‌ను ఆపుతాయని నమ్మేంత ఆధారం లేదు. అలా చేశారని టీకాలు మానేస్తే మోసపోయినట్టే.

ఒక చిన్న పక్కమాట. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వైపు ఏజెన్సీ పిల్లల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు, మలేరియా రెండూ ఉంటాయి. వాచిన బల్ల చిన్న దెబ్బకే చిట్లుతుంది, పక్కటెముకల కిందికి దిగి ఉంటుంది కాబట్టి రక్షణా ఉండదు. అలాంటి పిల్లాడి విషయంలో పైన చెప్పిన లెక్కలు అంత ధీమాగా పనిచేయవు. రక్తజబ్బు ఉందని డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఎక్కడ ఉంచాలి అన్నదే అసలు ఎంపిక

నాలుగు దారులూ చెప్పాను గానీ, తల్లిదండ్రుల చేతిలో నిజంగా ఉండేది వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవడం కాదు. ఆ పని డాక్టర్‌దే. మీ చేతిలో ఉన్నది ఎక్కడ ఉంచాలన్నది. ఒకే రకం గాయానికి పిల్లల ఆస్పత్రిలో ప్లీహం మిగలడం, పెద్దల ఆస్పత్రిలో తీసేయడం ఎక్కువగా జరుగుతుందని అమెరికాలో లెక్కలు తీసి చూపించారు. ఆ సర్జన్ చెడ్డవాడని కాదు. రాత్రి కనిపెట్టే నర్సు లేక, రక్తం చేతికందక, పిల్లల మత్తు డాక్టర్ లేక "తెల్లారేదాకా ఆగలేను" అనుకుంటాడు. అతని స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణేమో.

కాబట్టి నాడి, బీపీ నిలకడగా ఉన్న పిల్లాడికి ఆ ఊళ్లో ఆపరేషనే దారి అంటుంటే, ఇవి అడగండి. పిల్లల సర్జన్ ఉన్నారా? ఐసీయూలో పిల్లల్ని చూసే మనుషులు రాత్రి ఉంటారా? రక్తం అరగంటలో దొరుకుతుందా? అవసరమైతే అర్ధరాత్రి ఆపరేషన్ గది తెరుస్తారా? నాలుగింటికీ "ఉంది" అంటే ఊరు చిన్నదైనా అక్కడే ఉండండి, అనవసరంగా తరలించకండి. లేదంటే పిల్లాడి చేతులకు సెలైన్ సూదులు పెట్టించి, అంబులెన్స్‌లో, తోడు నర్సుతో, ముందుగా ఫోన్ చేసి, మెడికల్ కాలేజీ ఆస్పత్రికో పిల్లల ఆస్పత్రికో చేర్చండి. సీటీ ఫిల్ములు, సీడీ, ఎన్నిగంటలకు నాడి ఎంతుందో రాసిన కాగితం వెంట ఉండాలి. ఆ కాగితం లేకుండా వచ్చిన పిల్లాడికి మేం లెక్క మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. రేషన్ కార్డు, ఆధార్ మర్చిపోకండి. ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవేవి వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను అడగొచ్చు.

ఇంటికొచ్చాక

మునుపు గ్రేడ్‌ను బట్టి రోజులు లెక్కగట్టి మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు నాడి నిలకడగా ఉండి, నొప్పి తగ్గి, అన్నం తింటుంటే రెండు మూడు రోజుల్లో పంపేస్తున్నాం. ఆటల లెక్క మాత్రం పాతదే: గ్రేడ్ అంకెకు రెండు కలిపితే అన్ని వారాలు పరుగులు, సైకిల్, చెట్లెక్కడం, కబడ్డీ, బైక్ మీద ముందు కూర్చోవడం బంద్. గ్రేడ్ 3కి ఐదు వారాలు. బడికి వెళ్లొచ్చు, పీఈటీ సారుకి చీటీ రాసి పంపితే సరి. నొప్పికి పారాసిటమాల్ వాడండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. పథ్యం ఏమీ లేదు. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర, ఇంట్లో ఏది వండితే అది. "స్ప్లీన్‌కి మంచిది" అని ఎవరో చెప్పిన కషాయాలు ఆ నెలరోజులూ పక్కన పెట్టండి.

ఆలస్యంగా మళ్లీ కారడం అరుదు, కానీ ఉంది. పొట్టలో నొప్పి తిరిగి పెరగడం, ఎడమ భుజం లాగడం, తల తిరగడం, మొహం పాలిపోవడం, వాంతులు, జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఫోన్ చేసి కనుక్కోవడం కాదు, బయలుదేరి రావడమే.

మావాడు ఐదు వారాలు పూర్తిగా ఇంటిపట్టునే ఉన్నాడంటే నేను నమ్మను. నాలుగో వారంలో డాబా మీద బంతి చప్పుడు విన్నానని మా పిన్నే చెప్పింది. ఆరో వారం నేను వెళ్లినప్పుడు సైకిల్ వరండాలో ఉంది. హ్యాండిల్ రెండు చివర్లా రబ్బరు ఊడిపోయి ఇనుప గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో ఎవరికీ గుర్తులేదు. సందు చివర సైకిల్ షాపులో కొత్త గ్రిప్పులు కొని, సబ్బు నీళ్లు రాసి ఎక్కించాం.